సమస్య: ఊరు పెరిగె ప్రశ్న లూరకుండె

సమస్య ఇచ్చినవారు, నల్లగొండ:
ఈసారి ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. మనుషులు చుక్కలు, పరిచయాలు గీతలు అనుకోండి. అదే గ్రాఫు. "వీళ్లిద్దరికీ పరిచయం ఉందా?" అన్న ప్రశ్న తప్ప మరోటి అడగొద్దు. కొన్ని ప్రశ్నలతోనే ఊరి గుణం, అంటే పరిచయాల అల్లికకు ఫలానా లక్షణం ఉందో లేదో, తేల్చాలి. దీన్నే ప్రాపర్టీ టెస్టింగ్ అంటారు. గీతలు దట్టంగా ఉన్న ఊరే సుమా.

దేవరకొండ సభ్యుడు:

మెతుకు పట్టి చూచి మిగిలిన దంతయు
నుడికె నంచు మదిని నూహ జేసి
నాల్గు గడప లడిగి పట్టణ మెరిగితి
ఊరు పెరిగె ప్రశ్న లూరకుండె

నల్లగొండ:
మూడో పాదంలో యతి తప్పింది, నా–ప కుదరవు. "నగరము నెరిగితి" అంటే సరిపోతుంది. అసలు పేచీ మెతుకుతో. మెతుకు పడితే బువ్వ ఉడికిందో లేదో తెలుస్తుంది, అందులో ఒక రాయి ఉంటే తెలియదు. ఈ పరీక్షా అంతే. ఊరికి ఆ గుణం ఉంటే "ఉంది" అనాలి. ఊర్లో ఎన్ మంది ఉన్నారనుకోండి, ఎప్సిలాన్ అనేది మనం ఎంచుకున్న చిన్న భిన్నం. గుణం రావడానికి ఎన్ వర్గంలో ఎప్సిలాన్ వంతుకు మించి గీతలు మార్చాల్సిన ఊరైతే "లేదు" అనాలి, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతో. ఒకటి రెండు గీతల తేడాకు మన పూచీ లేదు. మీ పద్యంలో ఆ రాయి మాట రాలేదు.

మిర్యాలగూడ లెక్కల టీచరు:
నా గుణం "రెండు పక్షాలు". పరిచయాలన్నీ ఈ పక్షానికీ ఆ పక్షానికీ మధ్యనే, ఒకే పక్షంలో ఇద్దరికి పరిచయం ఉండదు.

జంట జంట నెంచి చనువున్నదా యని
చీట్లు తీసి యడుగ చింత దీరె
పక్షములవి రెండె పట్టిచ్చె నా లెక్క
ఊరు పెరిగె ప్రశ్న లూరకుండె

నల్లగొండ:
పద్యం నున్నగా నడిచింది, లెక్కే బోర్లా పడింది సార్. పెద్ద ఊర్లో చీటీ తీసిన జంటలు ఒకదానికొకటి తగలవు. విడివిడి గీతలను ఏ ఊరివైనా రెండు పక్షాలుగా చీల్చొచ్చు. తప్పు దొరకాలంటే బేసి చక్రం, అంటే బేసి సంఖ్యలో మనుషులు ఒకరి నుంచి ఒకరికి పరిచయాలతో చుట్టూ తిరిగి కలిసే గొలుసు, కనబడాలి. అందుకని చీటీలు జంటలకు కాదు, మనుషులకు తీయాలి. వచ్చినవాళ్లను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి ప్రతి ఇద్దరి గురించీ అడగాలి. 30 మంది వస్తే 435 ప్రశ్నలు, అది నకిరేకల్ అయినా హైదరాబాద్ అయినా.

ఎంతమందిని పిలవాలన్నది ఎప్సిలాన్ మీదే ఆధారపడుతుందని 1998లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు గోల్డ్‌రైక్, గోల్డ్‌వాసర్, రోన్ చూపించారు. ఒకటి బై ఎప్సిలాన్‌ను కాస్త లాగరిథమ్‌తో గుణిస్తే చాలని 2002లో అలోన్, క్రివెలెవిచ్ తగ్గించారు.

మిర్యాలగూడ టీచరు:
ఒప్పుకుంటున్నా. సవరణ:

చీట్లు తీసి పిలిచి చేర్చితి కొందరి
నొకరి కొకరి చనువు నొరసి చూచి
బేసి చుట్టు లేని పేటగా తేల్చితి
ఊరు పెరిగె ప్రశ్న లూరకుండె

నల్లగొండ:
బే–పే యతికి భేష్!

గద్వాల సభ్యురాలు:

మూడు మూలలున్న ముక్కోణ మొకటైన
దొరకునేమొ యనుచు దొలిచి చూడ
గోపురములపైన గోపురాల్ లేచెను
ఊరు పెరిగె ప్రశ్న లూరకుండె

దేవరకొండ సభ్యుడు:
గోపురాలు లేస్తే ప్రశ్నలు ఊరకుండుడేంది అక్కా?

గద్వాల సభ్యురాలు:
ఊరకుండడం వేరు తమ్మీ, తక్కువగా ఉండడం వేరు. ముగ్గురూ ఒకరికొకరు తెలిసిన త్రయం ఊర్లో లేదని పరీక్షించడానికీ ప్రశ్నల సంఖ్య ఊరి సైజును బట్టి మారదు. కానీ పెద్ద గ్రాఫును క్రమమైన కొన్ని ముక్కలుగా చీల్చే సెమెరెడి లెమ్మాతో కడితే ఆ సంఖ్య ఘాతం మీద ఘాతం, అదే నా గోపురం. 2, 4, 16, 65,536, ఐదో అంతస్తుకే 19,729 అంకెల సంఖ్య! 2011లో గణితజ్ఞుడు ఫాక్స్ గోపురం ఎత్తును ఒకటి బై ఎప్సిలాన్ లాగరిథమ్ స్థాయికి దించాడు, గోపురం మాత్రం కూలలేదు. గుణమున్న ఊరిని ఎన్నడూ తప్పు పట్టని ఇలాంటి పరీక్ష ఒకటి బై ఎప్సిలాన్‌లో ఏ బహుపదికీ లొంగదని 2002లోనే అలోన్ తేల్చాడు.

నల్లగొండ:
విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. "గోపురాల్" అన్న హలంతం పాత వాసన కొట్టినా, ఈ వారం నా ఓటు దీనికే.

దేవరకొండ సభ్యుడు:
మా తండాలో ఒక్కొక్కరికి పది మందికి మించి తెలియదు. అక్కడ?

నల్లగొండ:
అక్కడ గీతలు పలచన. ఎన్ వర్గంతో కొలిస్తే ఆ తండా ఖాళీ కాగితంతో సమానం, మనం చెప్పుకున్న ఈ రెండు పరీక్షలూ పాసైపోతుంది. కొలత మార్చి, పరిచయస్తుల జాబితా అడిగే పద్ధతి పెడితే, రెండు పక్షాల పరీక్షకే ఎన్ వర్గమూలమంత ప్రశ్నలు కావాలి. అందుకే వచ్చే వారం సమస్య:

ఊరు పెరిగె ప్రశ్న లూరి పెరిగె