నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు: ముందు రాళ్లా, ముందు ఇసుకా?

మిర్యాలగూడ_మెరైన్:
అన్నలందరికీ నమస్తే. ఐదేళ్లుగా మంచినీళ్ల చేపలే పెంచాను, ఇప్పుడు మొదటిసారి రీఫ్‌లో (పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు) దిగుతున్నా. ట్యాంకు 4 అడుగుల పొడవు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర, పైన కాస్త వదిలేస్తే 240 లీటర్లు పడుతుంది. 14 కిలోల డ్రై రాక్ (ఎండిన, రంధ్రాలున్న రీఫ్ రాయి) కొన్నాను. ట్యాంకు తీసేస్తున్న ఒక హైదరాబాద్ అన్న దగ్గర ఇంకో 4 కిలోల లైవ్ రాక్ (బ్యాక్టీరియా బతికున్న తడి రాయి) తీసుకుని, తడి గుడ్డల్లో చుట్టి, బకెట్‌లో పెట్టి బస్సులో తెచ్చాను (పక్క సీటాయన దారంతా ముక్కు మూసుకున్నాడు). అది ఇప్పుడు ఉప్పునీళ్ల టబ్బులో పంపు పెట్టి ఉంది.
నిన్న ఉన్న 10 కిలోల ఆరగొనైట్ ఇసుక (రీఫ్ ట్యాంకుల్లో వేసేది) పరిచి, దాని మీద డ్రై రాక్ వెనక అద్దానికి ఆనించి గోడలాగా పేర్చాను. చూడ్డానికి బాగానే ఉంది కానీ వేలితో తోస్తే పై రాయి ఊగుతోంది. నీళ్లింకా పోయలేదు. ఇట్లనే ఉంచొచ్చా, లేక తీసేసి ముందు రాళ్లు పెట్టాలా? ఇంకోటి, ఆరగొనైట్ రేటు చూస్తే భయమేస్తోంది. మా వాడపల్లి దగ్గర కృష్ణ ఇసుక కడిగి కలపొచ్చా? దామరచర్ల వైపు సున్నపురాయి కూడా బోలెడు దొరుకుతుంది, నాలుగు రాళ్లు తెచ్చి వేస్తే ఎట్లుంటుంది?

పాలమూరు_రాతిపని:
తీసేయ్ తమ్మీ, నీళ్లు పోయకముందే అడిగావు, అదృష్టం. ముందు రాళ్లు, తర్వాతే ఇసుక. రాయి నేరుగా అడుగు అద్దం మీద నిలబడాలి, ఇసుక దాని చుట్టూ పోయాలి. అద్దం మీద రాయి మొన గుచ్చుకుంటుందని భయమైతే, సీలింగ్ లైట్ల కింద వేసే గళ్ల ప్లాస్టిక్ షీటు ముక్క కోసి అడుగున వెయ్యి, బరువు ఒక్క చోట పడదు.
మా నాయన రాతి కట్టుబడి మేస్త్రీ, చిన్నప్పుడు పొలం గట్లకు సున్నం సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతో గోడ కడుతుంటే నేను అందించేవాణ్ని. ఆయన రాయిని చేతిలో నాలుగు వైపులా తిప్పిగానీ కింద పెట్టేవాడు కాదు. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఎందుకు ఊగదు? మూడు చోట్లే ఆనుతుంది కాబట్టి. ట్యాంకులో కూడా అంతే, ప్రతి రాయీ మూడు చోట్ల ఆనాలి. రెండు చోట్లే ఆనితే ఊగుతుంది, ఊగే రాయి కింద చిన్న ముక్క దూర్చి సర్దుకుందామంటే అది ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. అందుకని నేను ఊగే చోట సూపర్ గ్లూ జెల్ పెట్టి, దాని మీద పొడి ఇసుక చల్లి, మళ్లీ జెల్ వేస్తాను. నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. పెద్ద రాళ్లయితే డ్రిల్ చేసి లోపలి నుంచి అక్రిలిక్ కడ్డీ దింపు. ఇనుప చువ్వ మాత్రం వద్దే వద్దు, ఉప్పునీళ్లలో తుప్పు పడుతుంది.
గోడ కట్టకు. అది పొలానికి పనికొస్తుంది, ట్యాంకుకు కాదు. వెనక నీళ్లు తిరగక చెత్తంతా అక్కడే పేరుకుంటుంది, ఆ చెత్త కుళ్లి నీళ్లలో చేరే నైట్రేట్ ఎందుకు పెరుగుతుందో అర్థం కాక నువ్వు జుట్టు పీక్కుంటావు. రెండు గుట్టలు చెయ్యి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో దారి. అన్ని వైపులా అద్దానికి కనీసం మూడు నాలుగు వేళ్ల సందు వదులు, లేకపోతే నాచు గీకే మాగ్నెట్ ఎట్లా పోతుంది? పైన కూడా జాగా ఉంచు, పగడాలు పెరిగితే వాటికి చోటు కావాలి.

సూర్యాపేట_క్లౌన్:
పైన అన్న చెప్పింది వింటే సరిపోతుంది, వినకపోతే ఏమవుతుందో నేను చెప్తా. నేను ఇసుక మీదే రాళ్లు పెట్టాను. ఆరు నెలలు ఏమీ కాలేదు, నేను చెప్పిందే కరెక్ట్ అని మా ఇంట్లో గొప్పలు కూడా పోయాను. తర్వాత గోబీ చేప, దానికి జోడీగా పిస్టల్ ష్రింప్ తెచ్చాను. ఆ రొయ్య పనే తవ్వడం, పగలూ రాత్రీ బుల్‌డోజర్ లెక్క ఇసుక తోస్తూనే ఉంటుంది, గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. చూడ్డానికి సినిమా అనుకో. ఒక రాత్రి రెండింటికి ధడేల్‌మని చప్పుడు, కరెంటు పోయి ఇన్వర్టర్ ఏమైనా పేలిందేమోనని లేచాను. చూస్తే పెద్ద రాయి ముందుకు పడి అద్దానికి ఆనుకొని ఉంది. అద్దం పగల్లేదు గానీ జానెడు గీత పడింది, ఇప్పటికీ వచ్చినవాళ్లంతా ముందు చేపను కాదు, ఆ గీతనే చూస్తారు. గోబీ బతికింది. రొయ్య దొరకలేదు.

నల్లగొండ_అక్క:
రాళ్ల సంగతి వాళ్లు చెప్పేశారు, మిగతావి నేను చెప్తాను.
కృష్ణ ఇసుక వద్దండి. చిన్నప్పుడు ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్ల రవ్వలు అంటుకునేవి గుర్తుందా? అవే రేపు మీ మాగ్నెట్‌కు అంటుకుని అద్దమంతా గీస్తాయి. పైగా ఏటి ఇసుక చాలావరకు పలుగురాయి పొడి, ఆరగొనైట్ కాల్షియం కార్బొనేట్, రెండూ ఒకటి కాదు. రంగు కూడా నల్లగా మురికిగా కనిపిస్తుంది. మీ ట్యాంకులో నాలుగు సెంటీమీటర్ల మందం వేయాలంటే 21 లీటర్ల ఇసుక పైనే, అంటే దాదాపు 30 కిలోలు. డబ్బు చాలకపోతే రెండు సెంటీమీటర్లే వేయండి, ఏం నష్టం లేదు. పది సెంటీమీటర్లు దాటించి లోతుగా వేసే పద్ధతి ఉంది, అడుగున ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ను తగ్గిస్తుంది, కానీ దాన్ని కదిపితే కుళ్లిన గుడ్డు వాసన, విషం. మొదటి ట్యాంకుకు ఆ తలనొప్పి ఎందుకు?
సున్నపురాయి విషం కాదు కానీ బాగా గట్టిది, బరువు. లైవ్ రాక్ విలువంతా దాని రంధ్రాల్లో ఉంటుంది, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కాపురం అక్కడే. నున్నటి సున్నపురాయిలో పైపొర తప్ప వాటికి చోటేది? నీళ్ల పీహెచ్ నిలబెడుతుందని కొందరంటారు, రీఫ్‌లో ఉండే 8.2 దగ్గర అది అసలు కరగదు. మీ దగ్గరున్న 18 కిలోల రాళ్లు మీకు చాలు. సముద్రపు ఒడ్డున పగడపు రాళ్లు ఏరి తెస్తామని ఎవరైనా అంటే మాత్రం తీసుకోకండి, రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.
మీరు అడగలేదు కానీ నీళ్లు? మన జిల్లా అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, చేపకు దాంతో గొడవ లేదు. గొడవ బోరు నీళ్లలో కరిగి ఉన్న మిగతావాటితో. ఇంటి ఆర్వోలో రుచి కోసం కొంత శుద్ధి కాని నీళ్లు కలిపే ఏర్పాటుంటుంది, క్యాన్ నీళ్లూ అంతే. ఆర్వో తర్వాత డీఐ కార్ట్రిడ్జ్ (మిగిలిన లవణాలను లాగేసే గొట్టం) పెట్టి, కరిగి ఉన్నవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే ఉప్పు కలపండి.

మిర్యాలగూడ_మెరైన్:
అక్కా, అన్నా, పొద్దున్నే మొత్తం తీసేశాను. మూడు చోట్ల ఆనాలన్న మాట పట్టుకుని రెండు గంటలు కూర్చున్నా, ఒక రాయి మాత్రం ఎట్లా తిప్పినా కుదరలేదు, దాన్ని పక్కన పెట్టేశా. ఇప్పుడు బల్ల మీద గుద్దినా కదలట్లేదు. ఇసుక బియ్యం కడిగినట్టు కడుగుతున్నా, ఎనిమిదోసారి కూడా పాలలాగే వస్తోంది, ఇది మామూలేనా? లైవ్ రాక్ ఎప్పుడు వేయాలి?

పాలమూరు_రాతిపని:
మామూలే. నీళ్లు కాస్త తేటపడితే ఆపెయ్, మిగతా పొడి ఒకట్రెండు రోజుల్లో కిందికి దిగుతుంది. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద స్టీలు పళ్లెం పెట్టి దాని మీద పోయ్, గుంట పడదు. ఉప్పు వేరే టబ్బులో కలుపు, సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025 వచ్చాక పోస్తే సరి. లైవ్ రాక్‌ను ముందు వాసన చూడు, సముద్రం వాసనైతే వేసెయ్, కుళ్లు వాసనైతే ఇంకొన్నాళ్లు టబ్బులోనే ఉండనీ. చేపలకు తొందరపడకు, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి, నెల దాటొచ్చు. ఆ కుదరని రాయి పారెయ్యకు, సుత్తితో రెండు ముక్కలు చేసి ఫోటో పెట్టు, చిన్న గుట్టకు పనికొస్తుందేమో చూద్దాం.