తితానుస్ డాలు: పతాకమా, గుర్తా? టకారమా, తకారమా?

ఇటలీ సినిమాల మీద వ్యాసం రాస్తున్నాను. దర్శకుడు విస్కోంతి తీసిన ‘ఇల్ గత్తోపార్దో’ (1963) దగ్గర, దాన్ని నిర్మించిన ఇటలీ కంపెనీ పేరుతో “టైటానస్ పతాకంపై నిర్మించిన” అని రాస్తే, ఎడిటర్ గారు “తెర మీద పడేది డాలు గుర్తు కదా, పతాకం ఎక్కడిది?” అన్నారు. ఏం రాయమంటారు?

— పతాకం ఉంచెయ్యండి. బ్యానర్‌కి మనవాళ్లు ఎప్పుడో కట్టిన మాట అది. విజయా వారికి నిజంగానే జెండా ఉంది, మిగతావాళ్లలో ఎందరికుంది? కంపెనీ అన్న అర్థంలో పతాకం, తెర మీది బొమ్మని చెప్పేటప్పుడు డాలు. ఇటలీ వాళ్లూ దాన్ని స్కూదో, అంటే డాలు అనే అంటారు.

— నా గొడవ వేరండీ. టైటానస్ ఏమిటి? ఇటాలియన్‌లో త, ద దంత్యాలు, అంటే నాలుక పళ్లకి ఆనించి పలికేవి. ఇంగ్లీషు నోటి మీదుగా వచ్చేసరికి ట, డ అయ్యాయి. ఇంగ్లీషు లిపిలో ఈ తేడా రాయడానికి వీల్లేదు, మనకేమో రెండూ ఉన్నాయి. తితానుస్ అనీ, దాని అధిపతి పేరు గొఫ్రేదో లొంబార్దో అనీ హాయిగా రాసుకోవచ్చు. ‘గత్తోపార్దో’లో ఆ ఒత్తు కూడా వాళ్లు నిజంగా పలికేదే. ‘కతేనే’ (1949) తీసిన మతరాత్సో పేరు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మతరాజో అని రాస్తే ఎవరో మన రాజుగారనుకుంటారు. ఆ రోజుల్లోనే ఇంకో పెద్ద కంపెనీ లుక్స్. దాన్ని లక్స్ అంటే సబ్బే గుర్తొస్తుంది.

— అలాగైతే ఇటలీని ఇతాలియా అని రాయాలి మేష్టారూ! పాఠకుడు వెతుక్కోవద్దా?

— పాతుకుపోయిన ఇటలీ, రోమ్ జోలికి ఎవరూ వెళ్లరు. తెలుగులో ఇంకా స్థిరపడని పేర్లకే ఈ పట్టింపు. వెతుక్కునేవాళ్ల కోసం మొదటిసారి మాత్రం “టైటానస్ అని కూడా రాస్తారు” అని ఒక ముక్క వేస్తే పోతుంది.

— సరే, ఇలా మార్చాను: “1904లో నేపుల్స్‌లో గుస్తావో లొంబార్దో మొదలుపెట్టిన వ్యాపారం తర్వాత తితానుస్ (టైటానస్ అని కూడా రాస్తారు) అయింది. 1951లో ఆయన పోయాక కొడుకు గొఫ్రేదో నడిపాడు. తితానుస్ పతాకంపై వచ్చిన ‘గత్తోపార్దో’కి కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ దోర్ దక్కింది, కంపెనీకి మాత్రం అప్పులు మిగిలాయి. 1964లో సినిమా నిర్మాణం ఆపేశారు.” డాలు సంగతి తర్వాతి పేరాలో వస్తుంది.

— “అప్పులు మిగిలాయి” దగ్గర అదే కంపెనీ సినిమా ‘సోదోమ్ గొమొర్రా’ (1962) ఖర్చు కూడా కలపండి. నష్టమంతా విస్కోంతి నెత్తిన రుద్దడం అన్యాయం.