కొత్త ఊళ్లో సరైన బార్, రాక్ ఉన్న జిమ్‌ను ముందే కనిపెట్టడం ఎలా?

బాటసారి_బార్‌బెల్ (ప్రశ్న)

పని మీద తరచూ ఊళ్లు మారాల్సి వస్తోంది, ఒక్కోచోట అయిదారు రోజులు. నా ప్రోగ్రాంలో బార్ (ప్లేట్లు ఎక్కించే పొడవాటి కడ్డీ)తో చేసే స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కూర్చుని లేవడం), బెంచ్ (వెల్లకిలా పడుకుని పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టి నిటారుగా నిలబడడం), వారంలో ఒకరోజు స్నాచ్ (ఒక్క ఊపులో తల పైకెత్తడం), క్లీన్ (నేల నుంచి భుజాల దాకా ఎత్తడం) ఉంటాయి. "హోటల్లో జిమ్ ఉంది" అన్నచోట రెండు ట్రెడ్‌మిల్లులు, ఓ డంబెల్స్ వరుస తప్ప ఏమీ ఉండవు. బయటి జిమ్‌లకు ఫోన్ చేస్తే స్క్వాట్ రాక్ (బార్‌ను ఆనించే చట్రం) ఉందంటారు, తీరా వెళ్తే స్మిత్ మెషిన్ (పట్టాల మీదే జారే బార్). ఇంకోచోట అన్నీ ఉంటాయి, డెడ్‌లిఫ్ట్ మాత్రం చేయనివ్వరు. డే పాస్ డబ్బులు కట్టాక గానీ ఇవేవీ బయటపడవు.

వెళ్లకముందే ఖాయంగా తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా? బార్, ప్లేట్లు చోటుచోటుకీ మారుతుంటే ప్రోగ్రాంలో రాసుకున్న బరువుల్ని ఎలా సర్దుకోవాలి? నా దగ్గర ఉండేది చిన్న కేబిన్ బ్యాగ్ ఒక్కటే, అందులో ఏవి పెట్టుకోవడం దండగ కాదు?

ఇనుప_చట్రం

"రాక్ ఉందా" అని అడగడంలోనే చిక్కు ఉందండి. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లు బరువులెత్తేవాళ్లే కానక్కర్లేదు. నిలువు చట్రంలో బార్ కనిపిస్తే చాలు, వాళ్ల లెక్కలో అది రాకే. కాబట్టి మాట మీద కాదు, ఫొటో మీద ఆధారపడండి.

మ్యాప్‌లో జిమ్ పేజీ తెరిచి, జిమ్ వాళ్లు పెట్టిన ఫొటోలు పక్కనపెట్టి, వచ్చిపోయేవాళ్లు పెట్టినవి చూడండి. వాటిలోనూ తాజావే చూడాలి. ప్రారంభోత్సవం నాటి ఫొటోలో మెరిసే బార్ ఈపాటికి వంగిపోయి ఉండొచ్చు, అసలు అక్కడ లేకపోవచ్చు కూడా.

ఫొటోలో మొదట బార్ చివర్లు చూడండి. ప్లేటు ఎక్కే భాగం, అంటే స్లీవ్, మధ్య కడ్డీకంటే బాగా లావుగా ఉంటే అది 50 మి.మీ. ఒలింపిక్ బార్. చివరా మధ్యా ఒకే లావుగా ఉండి, కాలర్లు (ప్లేట్లు జారకుండా పట్టే బిగింపులు) మర తిప్పి బిగించేవైతే అది సన్న బార్. దాని స్లీవ్ తిరగదు, బరువెంతో ఎవరికీ తెలియదు, పెద్ద స్క్వాట్‌కు అది చాలదు. తర్వాత బార్ నిలువు పట్టాల మీద జారేలా అమర్చి ఉందేమో చూడండి. ఉంటే అది స్మిత్ మెషిన్. బార్ విడిగా ఉన్నా, రాక్‌కు అడ్డంగా సేఫ్టీ కడ్డీలు ఉన్నాయా, వాటి ఎత్తు మార్చుకునే రంధ్రాలు ఉన్నాయా అన్నది ముఖ్యం. తోడు లేకుండా ఒక్కరే చేసేటప్పుడు బెంచ్ కింద ప్రాణం కాపాడేవి అవే.

ఇక నేల. మందపాటి రబ్బరు మధ్య చెక్కతో ప్లాట్‌ఫాం కనిపిస్తే డెడ్‌లిఫ్ట్‌కు ఇబ్బంది ఉండదు. టైల్స్ మీద పలచని మ్యాట్ పరిచి ఉంటే, లేదా జిమ్ పై అంతస్తులో ఉంటే, అడక్కుండా వెళ్లకండి. దెబ్బ అదురు కింది అంతస్తు వాళ్లకు తగులుతుంది, నిషేధాలు ఎక్కువగా అలాంటి భవనాల్లోనే ఉంటాయి. ప్లేట్ల ఆకారం కూడా చూసుకోండి. గుండ్రంగా కాకుండా పలకలు తీరినవైతే, కింద పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక అంచు మీద వాలి బార్ ముందుకో వెనక్కో జరుగుతుంది. రెప్‌కు రెప్‌కు మధ్య (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) కాళ్లు సర్దుకోవాల్సిందే.

రివ్యూల్లో వెతికే పెట్టె ఉంటుంది. అందులో "డెడ్‌లిఫ్ట్", "చాక్", "ప్లాట్‌ఫాం" అన్న మాటల్ని ఆ దేశపు భాషలోనూ, ఇంగ్లిష్‌లోనూ కొట్టండి. చేతులు జారకుండా పూసుకునే ఆ చాక్ పొడి వాడినందుకు గదమాయించారని ఎవరో ఒకరు రాసే ఉంటారు. మ్యాప్‌లో కూడా ఊరికే "జిమ్" అని కాక "పవర్‌లిఫ్టింగ్" (స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్‌ల క్రీడ), "వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్" (స్నాచ్, క్లీన్ తరహా), "బార్‌బెల్ క్లబ్" అని వెతకండి, మొదటి పేజీ పూర్తిగా మారిపోతుంది. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య, అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్యల సైట్లలో సభ్య దేశాల సమాఖ్యల వివరాలుంటాయి. అక్కణ్నించి ఆ దేశపు సమాఖ్య సైటుకు వెళ్తే చాలాచోట్ల క్లబ్బుల జాబితా దొరుకుతుంది. ప్రకటనలు ఇవ్వని చిన్న క్లబ్బులు అలాగే బయటపడతాయి.

రెండు మూడు పేర్లు తేలాక ఫోన్ కాదు, మెసేజ్ పెట్టండి. రాతలో ఉంటే కౌంటర్ దగ్గర చూపించొచ్చు. ఇలా రాయొచ్చు: "స్క్వాట్ చేసే రాక్ ఫొటో ఒకటి పంపగలరా? నేల మీద నుంచి డెడ్‌లిఫ్ట్ చేయొచ్చా? 20 కిలోల ప్లేట్లు ఒక బార్‌కు ఎన్ని దొరుకుతాయి? సభ్యత్వం లేనివారికి డే పాస్ ఇస్తారా, ఏ వేళల్లో?" ఆఖరి ప్రశ్న మరవకండి. 24 గంటల జిమ్‌ల్లో చాలావాటికి సిబ్బంది లేని వేళ తలుపు సభ్యుల కార్డుకే తెరుచుకుంటుంది, బోర్డు మీద 24 గంటలని రాసి ఉన్నా డే పాస్ వాళ్లకు పగటిపూట కొన్ని గంటలే. కొన్నిచోట్ల మొదటిసారి వచ్చినవాళ్లకు పరికరాలు చూపించే సెషన్ తప్పనిసరి, దానికి విడిగా టైమ్ తీసుకోవాలి.

ఇవన్నీ హోటల్ బుక్ చేయకముందే చేయాలి. జిమ్ ఖాయమయ్యాకే దానికి నడిచి వెళ్లేంత దూరంలో గది చూసుకోండి. వరస తిరగేస్తే, నిజంగా మంచి జిమ్ ఊరికి అవతలి కొసన తేలుతుంది.

గ్రాముల_గోల

బరువుల సంగతి నేను చెబుతాను. ఇక్కడ అందరూ తేలిగ్గా తీసుకునేది బార్ బరువు.

పోటీ ప్రమాణంలో పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ బార్ 20 కిలోలు, పొడవు 2.2 మీ., పట్టు లావు 28 మి.మీ. మహిళలది 15 కిలోలు, 2.01 మీ., 25 మి.మీ. రెండూ ఒకే స్టాండులో ఉంటే గబుక్కున పొరబడతారు. స్లీవ్ లావు రెండింటికీ ఒకటే కాబట్టి చివర్ల లావు చూసి తెలియదు, పిడికిట్లో పట్టి చూడాలి. పవర్‌లిఫ్టింగ్ బార్ సాధారణంగా 29 మి.మీ., బరువు 20 కిలోలే, కానీ తక్కువ వంగుతుంది. స్క్వాట్ కోసమే చేసినవి 25 కిలోలవి కూడా ఉంటాయి. అనుమానమొస్తే బరువు చూసుకునే మెషిన్ మీద ఒట్టి చేతులతో ఒకసారి, బార్ పట్టుకుని ఒకసారి నిలబడండి. తేడాయే బార్ బరువు. బార్ రెండు మీటర్లు దాటుతుంది, పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి.

చేతులు ఎక్కడ పెట్టాలో గుర్తు చూపే గీతలు కూడా మారతాయి. పవర్‌లిఫ్టింగ్ బార్ మీద రెండు గీతల మధ్య 81 సెం.మీ., వెయిట్‌లిఫ్టింగ్ బార్ మీద 91 సెం.మీ. "గీత మీద చూపుడువేలు" అని అలవాటైనవాళ్లు బార్ మారితే ఒక్కో చెయ్యి 5 సెం.మీ. అవతలికి పోతుంది. బెంచ్‌లో అది చాలా పెద్ద తేడా, భుజం పట్టేస్తుంది. గీతను బట్టి కాక, బార్ మధ్య నుంచి మీ జానతో ఎంతో కొలిచి గుర్తుపెట్టుకోండి.

పౌండ్ల ప్లేట్లున్న దేశాల్లో 45 పౌండ్లంటే 20.4 కిలోలు, 35 అంటే 15.9, 25 అంటే 11.3, 10 అంటే 4.5. బార్ కూడా 45 పౌండ్లదే అయితే ఒక్కో వైపు ఒక పెద్ద ప్లేటుకు మొత్తం 61 కిలోలు, రెండుకు 102, మూడుకు 143, నాలుగుకు 184. అసలు ప్రమాదం రెండూ కలిసిపోయిన జిమ్‌ల్లో. ఒకవైపు 20 కిలోలది, ఇంకోవైపు 45 పౌండ్లది పడితే తేడా 400 గ్రాములే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 10 కిలోలదీ 25 పౌండ్లదీ జతపడితే 1.3 కిలోల తేడా, స్నాచ్‌లో బార్ ఒక పక్కకు తిరుగుతుంది. ప్లేటు మీద అంకె ఒక్కటే కాదు, పక్కన కిలోలా పౌండ్లా అన్నదీ చదవండి.

పోటీల ప్లేట్లలో తేడా గ్రాముల్లో ఉంటుంది. మామూలు పోత ఇనుప ప్లేట్లకు ఆ హామీ లేదు, రెండు మూడు శాతం అటూ ఇటూ పోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కొత్త జిమ్‌లో శాతాల లెక్క (మీరు ఎత్తగల గరిష్ఠ బరువులో ఇంత శాతమని) పట్టుకుని వేలాడకండి. మెల్లగా పెంచుకుంటూ, ఇంకా రెండు రెప్స్ మిగిలాయనిపించే బరువుతో ఒక్క రెప్ చేయండి. ఆ రోజుకు అదే కొలమానం. మిగతా సెట్లు దాన్నించి 10, 15 శాతం తగ్గించి చేసుకోండి.

ఇంకొకటి. పెద్ద ప్లేటు వ్యాసం 450 మి.మీ., అంటే బార్ మధ్యభాగం నేల నుంచి 22.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. 20 కిలోల ప్లేట్లు లేక 10 కిలోల చిన్న ఇనుప ప్లేట్లతో డెడ్‌లిఫ్ట్ చేస్తే బార్ కిందికి దిగిపోతుంది, నడుము గుండ్రమవుతుంది. రెండు పక్కలా ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లు పేర్చి ఆ ఎత్తు తెచ్చుకోవాలి.

స్నాచ్_సాయంకాలం

స్నాచ్, క్లీన్ రోజుకు వేరే చోటు చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అన్నీ ఒకేచోట దొరకాలని పట్టుబడితే ఏదీ సరిగా దొరకదు.

క్రాస్‌ఫిట్ (రకరకాల వ్యాయామాల్ని గుంపుగా చేయించే పద్ధతి) శిక్షణ కేంద్రాల్లో బంపర్ ప్లేట్లు (పడేసినా తట్టుకునే రబ్బరు ప్లేట్లు), బాగా తిరిగే స్లీవ్ ఉన్న బార్‌లు, కింద పడేయగలిగే నేల ఉంటాయి. కానీ అవి క్లాసుల లెక్కన నడుస్తాయి. డ్రాప్-ఇన్ అంటే క్లాసులో చేరడం, మీ ప్రోగ్రాం చేసుకోవడం కాదు. "ఓపెన్ జిమ్ వేళ ఎప్పుడు" (క్లాసు లేకుండా ఎవరిది వాళ్లు చేసుకునే సమయం) అని ప్రత్యేకంగా అడగండి. బెంచ్ కోసం మాత్రం అక్కడికి వెళ్లకండి, బెంచీలు ఒకటో రెండో ఉంటాయి, సేఫ్టీ కడ్డీలు ఉండకపోవచ్చు.

వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్ దొరికితే దాన్ని మించింది లేదు. శిక్షణ వేళకే వెళ్లాలి, కోచ్‌ను ముందు పలకరించాలి, ఏ ప్లాట్‌ఫాం వాడుకోవాలో ఆయన్నో ఆవిడనో అడగాలి. బార్‌ను దాటి నడవకూడదు, ఎవరైనా ఎత్తబోతుంటే ఎదురుగా నిలబడకూడదు.

బార్‌ను వాడకముందు ఒక పరీక్ష. రాక్ మీద పెట్టి స్లీవ్ తిప్పి చూడండి. గరగరలాడి ఆగిపోతే స్నాచ్, క్లీన్ చేయొద్దు. ప్లేట్లు బార్‌తోపాటే తిరిగి, ఆ మెలి మణికట్టు మీదికీ మోచేతి మీదికీ వస్తుంది. తర్వాత ఖాళీ బార్‌ను తిప్పుతూ మధ్యభాగం పైకీ కిందికీ ఊగుతోందా చూడండి. ఊగితే వంగినట్టే. 5 కిలోల సన్న బంపర్లు ఒక్కటే జత ఎక్కించి పైనుంచి పడేయకండి. బార్ బరువంతా ఆ పలచటి అంచు మీద పడి ప్లేటు వంకరపోతుంది, పరాయి క్లబ్బులో పేరు చెడుతుంది.

బాటసారి_బార్‌బెల్

చాలా ఉపయోగపడే సంగతులండీ, గీతల మధ్య 10 సెం.మీ. తేడా గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంకొక్కటి. ఇవన్నీ వెతికినా ఏమీ దొరకని ఊరైతే? హోటల్ డంబెల్స్ 20 కిలోల దగ్గరే ఆగిపోతే వారం రోజుల్లో ఎంత పోతుంది? బ్యాగ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఇనుప_చట్రం

వారానికి బలం పోదు, ఆ భయం వదిలేయండి. 2011లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 16 వారాలు వారానికి మూడేసి రోజులు శిక్షణ ఇచ్చి, తర్వాత 32 వారాలు వ్యాయామాన్ని బాగా తగ్గించారు. తొమ్మిదో వంతుకు, అంటే వారానికి ఒక్క రోజు, ఒక్కో వ్యాయామానికి మూడు సెట్ల బదులు ఒక్క సెట్‌కు, దిగినా కుర్రవాళ్లలో కండా బలమూ నిలిచాయి. పెద్ద వయసువాళ్లలో మాత్రం కండ పరిమాణం నిలవలేదు. ఎత్తే బరువు తగ్గించకుండా సెట్లు తగ్గించారన్నది అందులో కీలకం. కాబట్టి వారంలో ఒక్కరోజు మంచి జిమ్‌కు వెళ్లగలిగితే ఆ రోజు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ భారీగా చేసేయండి, మిగతా రోజులు హోటల్ డంబెల్స్ చాలు.

20 కిలోల జతతో రెండు కాళ్ల స్క్వాట్ చేయడం వృథా. వెనక కాలు బెంచ్ మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్ చేయండి, దిగడానికి నాలుగు సెకన్లు, కింద రెండు సెకన్లు ఆగి లేవాలి. డెడ్‌లిఫ్ట్ బదులు ఒంటికాలి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాలు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం), రెండు డంబెల్స్ ఒకే వైపు కాకుండా చెరో చేతిలో. బెంచ్ బదులు పాదాలు ఎత్తున పెట్టి, చేతులు డంబెల్స్ మీద ఆనించి పుషప్స్, గుండె నేలకు తగిలేదాకా. గుండ్రటి డంబెల్స్ దొర్లుతాయి, పలకలవి ఉంటేనే ఇది.

స్మిత్ మెషిన్ ఒక్కటే ఉంటే దాన్నీ తీసిపారేయనక్కర్లేదు. కానీ ఆ అంకెల్ని మీ పుస్తకంలో స్క్వాట్ గడిలో రాయకండి. చాలావాటికి లోపల ఎదురు బరువు ఉంటుంది, ఖాళీ బార్ 20 కిలోలు కాదు.

గ్రాముల_గోల

బ్యాగ్ గురించి: నడుముకు బెల్ట్, స్ట్రాప్స్ (చేతిని బార్‌కు కట్టే పట్టీలు), మోకాలి స్లీవ్స్ (మోకాలికి తొడిగే బిగుతు తొడుగులు), చాక్, చెప్పుకోదగ్గవి ఇవే. లిఫ్టింగ్ షూస్ కాళ్లకు వేసుకుని ప్రయాణించడం కష్టం, సంచిలో చాలా చోటు తింటాయి. కాబట్టి స్నాచ్ రోజు నిజంగా ఉన్న ప్రయాణానికే తీసుకెళ్లండి, లోపల సాక్సులు, స్ట్రాప్స్ కుక్కండి. ఆ రోజు లేకపోతే అడుగు గట్టిగా, చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు చాలు. నడవడానికీ అవే.

చాక్ పొడి వద్దు. సంచిలో చిమ్ముతుంది, భద్రతా తనిఖీలో ఆపి అడుగుతారు, సగం జిమ్‌లు ఒప్పుకోవు. లిక్విడ్ చాక్ 100 మి.లీ. లోపు సీసా పెట్టుకోండి. సీసా నిండా నింపకుండా కాస్త ఖాళీ ఉంచండి, విమానంలో మూత దగ్గర కారుతుంది. ఆల్కహాల్ ఆరేదాకా, అర నిమిషం, బార్ ముట్టుకోకండి, తడి చేత్తో పడితే చాక్ అంతా బార్‌కే అంటుకుంటుంది.

లీవర్ బెల్ట్ (మీట మూసి బిగించేది) ప్రయాణానికి పనికిరాదు. విమానం దిగిన రోజు పొట్ట ఉబ్బి ఉంటుంది, రంధ్రం మార్చాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సూదిలాంటి ముల్లు ఉన్న మామూలు బకిల్ బెల్ట్, 10 మి.మీ. మందానిది తీసుకోండి. మడవకుండా బ్యాగ్ లోపలి అంచు వెంబడి చుట్టూ పరిస్తే చోటే తినదు. 0.5 కిలోల చిన్న ప్లేట్లు మోసుకెళ్లాలని చాలామంది చెబుతారు, నేనైతే వద్దంటాను. అక్కడి పెద్ద ప్లేట్లలోనే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. ఆ చోటులో ఒక చిన్న తాళం కప్ప, ఒక తువ్వాలు పెట్టుకోండి. లాకర్‌కు సొంత తాళం, బెంచ్ మీద పరవడానికి తువ్వాలు లేకపోతే కొన్ని జిమ్‌లు లోపలికే రానివ్వవు.