శివసాగర్‌కి అమ్మతో వెళ్తున్నా, రెండు రోజులు చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 64 ఏళ్లు. టీ తోట చూడాలని ఎప్పటి నుంచో కోరిక. జనం తక్కువగా ఉండే పాత ఊరు కూడా దగ్గర్లో ఉంటే బాగుంటుందని వెతికితే అస్సాంలో శివసాగర్ కనిపించింది. డిసెంబర్ చివర్లో సెలవులు. జోర్హాట్ దాకా విమానం, అక్కడి నుంచి కారు. రెండు రోజులు సరిపోతాయా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు.

జవాబు 1:
డిసెంబర్ చివర వద్దండి. ఆకు కోత మార్చిలో మొదలై నవంబర్ చివరికో డిసెంబర్ మొదట్లోనో ఆగిపోతుంది. తర్వాత పొదలు కత్తిరించేస్తారు. మా నాన్నని మొదటిసారి అప్పుడే తీసుకెళ్లాను. ఎటు చూసినా మోడులే. నాలుగున్నరకే చీకటి పడిపోయింది. ఆయన ఏమీ అనలేదు కానీ నాకే ప్రాణం ఉసూరుమంది.

మరుసటి ఏడాది నవంబర్ మొదట్లో మళ్లీ వెళ్లాం. ఎనిమిదికి రమ్మన్నారు కదా అని మన గడియారం చూసుకుని వెళ్తే పని మొదలై గంట దాటింది. అక్కడి తోటల్లో 'బాగాన్ టైమ్' ఉంటుంది, మన సమయం కన్నా ఒక గంట ముందు. సూర్యుడు తొందరగా వస్తాడు కాబట్టి బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ అదే వాడుక. ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

ఆకు తూచే చోట ఒక పెద్దావిడ మా తెలుగు విని దగ్గరికొచ్చింది. వాళ్ల నాయనమ్మ ఇలాగే మాట్లాడేదట. తనకు మిగిలినవి 'నీళ్లు', 'కూడు', 'రా' అనే మూడు మాటలు. అప్పట్లో గంజాం, విశాఖ వైపు నుంచి కూడా కూలీలను ఆ తోటలకు తీసుకెళ్లారు. నాన్న ఆవిడ చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆకు పసరు పట్టి ఆవిడ వేళ్లు నల్లగా ఉన్నాయి.

ఇక ఊరు. అహోం రాజులు దాదాపు 600 ఏళ్లు ఏలిన నేల అది. ఊళ్లో పెద్ద చెరువు ఉంది, దాని గట్టునే బస చేయండి. రాణి అంబిక 1734లో కట్టించిన శివదోల్ అనే శివాలయం ఆ గట్టు మీదే ఉంది. సాయంత్రం హారతి అయ్యాక నీటి పక్కన కూర్చుంటే మీ అమ్మగారు లేవమన్నా లేవరు. చెరువు నీటిమట్టం ఊరి నేల కన్నా ఎత్తులో ఉంటుంది, అది చూసి నాన్న ఆశ్చర్యపోయారు. అహోం రాజుల కోట తలాతల్ ఘర్‌లో ఇటుక దగ్గరగా చూడండి, సన్నగా పలకలా ఉంటుంది. సిమెంట్ లేని రోజుల్లో జిగురు బియ్యం, బాతు గుడ్లు కలిపిన గారతో కట్టారు. రాజులు ఆటల పోటీలు చూసిన రంగ్ ఘర్ పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. బయట పచ్చికలోంచి చూస్తే చాలు, ఎక్కనక్కర్లేదు.

ఒక పూట పూర్తిగా చరాయ్‌దేవ్‌కి ఇవ్వండి, సుమారు 30 కిలోమీటర్లు. మొదటి అహోం రాజు సుకాఫా 1253లో రాజధాని చేసుకున్న చోటు. రాజుల సమాధి దిబ్బలు, మైదాంలు అంటారు, పచ్చగా గుండ్రంగా లేచి ఉంటాయి. 2024లో యునెస్కో జాబితాలోకి వచ్చాయి. కింద నుంచే చూడొచ్చు. కాబట్టి రెండు కాదు, మూడు రోజులు పెట్టుకోండి.

జవాబు 2:
విమానం టికెట్ ఎక్కువగా ఉంటే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. విజయవాడ, విశాఖ మీదుగా వెళ్లి సిమలుగురిలో ఆగుతుంది, అక్కడి నుంచి శివసాగర్ దగ్గరే. కాకపోతే పెద్దవాళ్లకి అంత దూరం రైలు కష్టం. కింది బెర్త్ దొరికితేనే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. సెలవు నవంబర్‌కి మార్చుకున్నా, మూడు రోజులు. ఆ పెద్దావిడ సంగతి చదివి వినిపిస్తే అమ్మ ఆ తోటకే వెళ్దామంటోంది. భోజనానికి ఇబ్బంది ఉంటుందా?

జవాబు 1:
అస్సలు ఉండదు. అన్నమే తింటారు వాళ్లు కూడా. చేపలు తింటే టెంగా అడగండి, పులుపు మన నోటికి బాగా పడుతుంది. పాలు లేని టీ, 'లాల్ సాహ్', ఒక్కసారైనా తాగించండి. తోట పేరు మెసేజ్ పెడతాను. గేటు దగ్గర అనుమతి అడిగాకే లోపలికి వెళ్లండి, ఆదివారం మాత్రం వద్దు, కోత ఉండదు.