ఫారంలో "వృత్తి" దగ్గర ఏం రాయాలి? వీడియోల మీద బతికేవాళ్లు చెప్పండి

కడప_కుట్టుమిషన్:
మొన్న పాప స్కూల్ అడ్మిషన్ ఫారం నింపుతూ "తల్లి వృత్తి" గడి దగ్గర ఆగిపోయాను. నాలుగేళ్లుగా యూట్యూబ్‌లో జాకెట్టు కటింగ్, కుట్టు నేర్పుతున్నాను, పోయిన ఏడాది నుంచి ఇంటి అద్దె, పాప ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నాం. అయినా అలవాటు కొద్దీ "గృహిణి" అని రాసేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. దీన్ని వృత్తి అని ఎప్పటి నుంచి అనుకోవాలి? వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ నిండి యాడ్స్ మొదలైన రోజు నుంచా? మొదటి డబ్బు బ్యాంకులో పడిన రోజు నుంచా? మీకెప్పుడు అనిపించింది?

నల్లగొండ_బత్తాయి:
యాడ్స్ మొదలైన రోజు మాత్రం కాదక్కా. 100 డాలర్లు నిండితే గానీ డబ్బు పంపరు కదా, నాకు ఆ మొదటి వంద నిండడానికి ఏడు నెలలు పట్టింది. నేను బత్తాయి తోట, డ్రిప్పు, మందుల పిచికారీ మీద చేస్తాను. దసరా దీపావళికి యాడ్స్ రేట్లు బాగుంటాయి, జనవరి రాగానే పడిపోతాయి, అదే పని, అన్నే వ్యూస్, డబ్బు మాత్రం సగం. మొదటి ఏడాది ఇది తెలియక కెమెరా అప్పు చేసి కొన్నాను, కిస్తీ కట్టలేక ఇంట్లో గొడవలు. ఇప్పుడు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టాకే మిగతాది ముట్టుకుంటాను. పంటకు పెట్టుబడి లెక్క రాసుకున్నట్టు దీనికీ నోటుబుక్కు పెట్టిన రోజే నాకిది వృత్తి అయింది. ఇంకోటి, షార్ట్స్ అనే చిన్న వీడియోల వ్యూస్ చూసి మురిసిపోకండి. మామూలు వీడియో యాడ్స్‌లో మనకు 55 శాతం వస్తుంది, షార్ట్స్‌లో మన వాటా 45 శాతమే, అదీ పంచుకునే మొత్తమే చాలా చిన్నది.

గుంటూరు_గోంగూర:
నా మటుకు నాకు, వద్దు అని చెప్పిన రోజు. రెండేళ్ల కిందట బెట్టింగ్ యాప్ వాళ్లు 30 సెకన్లు చెబితే చాలన్నారు, నా మూడు నెలల యాడ్స్ డబ్బు కన్నా ఎక్కువ ఇస్తామన్నారు. అప్పుడు మా వారికి ఉద్యోగం లేదు, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నా వంటలు చూసేది ఎక్కువగా మా అమ్మ వయసు వాళ్లు, హాస్టల్‌లో ఉండే పిల్లలు. నా మాట నమ్మి ఒక పిల్లవాడు ఫీజు డబ్బులు అందులో పెడితే? వద్దన్నాను. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2017 నుంచి, మా ఆంధ్రలో 2020 నుంచి నిషేధం ఉందని నాకు తర్వాత తెలిసింది. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు అలా ప్రచారం చేసిన వాళ్ల మీద కేసులు పెట్టినప్పుడు మా వారు ఏమీ అనలేదు, టీ పెట్టి తెచ్చి ఇచ్చారు.
డబ్బు తీసుకుని చెబుతుంటే డబ్బు తీసుకున్నామని వీడియో మొదట్లోనే చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది.

లెక్కల_మాస్టారు:
అమ్మా, మీరు ఫారంలో ఏం రాసినా ఆదాయపు పన్ను శాఖ లెక్కలో మీది వృత్తి ఆదాయమే, ఏటా రిటర్ను వేయండి. ఫోన్, లైట్లు, నెట్ బిల్లు, కుట్టు మెషిన్ రసీదులు పారేయకండి. కంపెనీలు ఉచితంగా పంపే వస్తువులు మీరే ఉంచుకుంటే, వాటి విలువ ఏడాదికి 20 వేలు దాటిన చోట 2022 జులై నుంచి 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, ఉంది. అన్నీ కలిపి రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, యాడ్స్ డబ్బు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అమెరికాలో మనవాళ్లు మీ వీడియోలు చూస్తుంటే అక్కడి పన్ను ఫారం తప్పకుండా నింపండి. నింపితే అమెరికా వ్యూస్ డబ్బు మీద 15 శాతమే కోస్తారు, నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోయొచ్చు.

రాత్రి_ఎడిటింగ్:
నేను కొంచెం వేరేగా చెబుతాను. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించినప్పుడు నాకు అందులో రెండు లక్షల మంది ఫాలోయర్లు, తెల్లారేసరికి ఏమీ లేదు. అందుకే పగటి ఉద్యోగం వదల్లేదు, వదలను కూడా. అలాగని నేను చేసేది కాలక్షేపం అంటే ఒప్పుకోను. రాత్రి పదింటికి కూర్చుని ఒంటిగంట దాకా సౌండ్ సరిచేస్తాను, సినిమా పాట వాడను, ఒప్పుకున్న రోజుకి వీడియో ఇచ్చేస్తాను. పూర్తిగా దాని మీదే బతికితేనే వృత్తి అంటే, బడిలో పాఠం చెప్పి సాయంత్రం హరికథ చెప్పే మా తాతను ఏమనాలి?

కడప_కుట్టుమిషన్:
అందరివీ రెండుసార్లు చదివాను. గోంగూర అక్కా, మీది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. నా వీడియోల్లో అన్నింటికన్నా ఎక్కువ మంది చూసింది లైనింగ్ జాకెట్టుది. అందులో లైనింగ్ గుడ్డ ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి కత్తిరించాలని చెప్పడం మరిచిపోయాను. మా ఇంట్లో ఎప్పుడూ చేసే పనే కాబట్టి చెప్పాలని తట్టలేదు. ఒకావిడ కామెంట్ పెట్టారు, నా వీడియో చూసి చెల్లెలి పెళ్లికి పట్టు జాకెట్టు కుట్టారట, ఒక్క ఉతుకుకే లోపల లైనింగ్ ముడుచుకుపోయిందట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "నేనే ఎక్కడో తప్పు చేశానేమో అక్కా" అన్నారు. ఆ రోజు అన్నం సహించలేదు. వీడియో తీసేస్తే వచ్చే డబ్బు పోతుంది, ఉంచితే ఇంకొకరి గుడ్డ పాడవుతుంది. తీసేశాను. మళ్లీ మొదటి నుంచి తీసి పెట్టాను, పాతదానిలో పదో వంతు మంది కూడా చూడలేదు.
ఫారం ఇంకా ఇవ్వలేదు, సోమవారం ఇవ్వాలి. "గృహిణి" కొట్టేసి "కుట్టు బోధన, వీడియోల ద్వారా" అని రాశాను.

నల్లగొండ_బత్తాయి:
కొట్టివేత ఉంటే తీసుకోరేమో అక్కా, కొత్త ఫారం అడగండి. ఆ కొత్త వీడియో లింకు ఇక్కడ పెట్టండి, మా ఇంటావిడ ఈ వారమే లైనింగ్ గుడ్డ తెచ్చింది.