ఓడిన ఆటను ఎలా తిరిగి చూసుకోవాలి?

నల్లబంటు:
రోజూ రెండు చదరంగం ఆటలు ఆడతాను, 15+10 (ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం). ఓడిన వెంటనే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) పెట్టి చూస్తాను. ఇక్కడ బ్లండర్ (పెద్ద తప్పు), ఈ ఎత్తు వేయాల్సింది అంటుంది. సరేననుకుంటాను, మర్నాడు మళ్లీ అక్కడే పడతాను. నిన్న ఇటాలియన్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఆడుతుంటే తెల్ల గుర్రం జి5 గడికి వచ్చింది. నేను డి5 ఆడాను, అతను బంటుతో కొట్టాడు, నేను గుర్రంతో తిరిగి కొట్టాను. వెంటనే ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చాడు. నా రాజు ఇ6 దాకా వచ్చి, 19వ ఎత్తుకి మేట్, ఆట పోయింది. ఈ నెలలో ఇది మూడోసారి. అలా కొట్టకుండా సి6లో ఉన్న రెండో గుర్రాన్ని ఎ5కి పంపమని ఇంజిన్ మూడుసార్లూ చెప్పింది. అయినా చెయ్యి అటు పోదు. ఏం చేయాలండీ?

గళ్లనోటు:
నేనూ చాలాకాలం ఇలాగే చూసుకున్నాను. ఇప్పుడు ఆట అయ్యాక 20 నిమిషాలు ఇంజిన్ ముట్టుకోను. ఏమనుకుని ఆ ఎత్తు వేశానో, అప్పటికి గడియారంలో ఎంత మిగిలిందో నోటుబుక్కులో రాస్తాను. మొన్న ఒక ఆటలో 8 నిమిషాలు చేతిలో ఉండగా, 3 సెకన్లలో ఏనుగుతో బంటు తిన్నాను. వెనక వరస ఖాళీ, మేట్. "బంటు ఊరికే వస్తోంది" అని రాసుకున్నాను. ఓడిన 25 ఆటలు అలా చూస్తే 14 చోట్ల అవతలివాడి చివరి ఎత్తు ఎందుకో నేను అడగనేలేదు. అన్నాళ్లూ ఓపెనింగులు బట్టీపట్టానే అని చాలా బాధేసింది.

మీ ఆటకొస్తే, బోర్డు పెట్టి తెల్లవైపు నుంచి ఆడి చూడండి. మీరు డి5లో కొడితే ఎఫ్7 బలి తర్వాత మంత్రి ఎఫ్3కి వచ్చి రాజుకి చెక్ ఇస్తూ డి5 గుర్రాన్నీ పట్టుకుంటుంది. దాన్ని కాపాడాలనే రాజు ఇ6కి నడవాల్సి వస్తుంది. గుర్రం ఎ5కి వెళ్తే సి4 బిషప్ కదలక తప్పదు. ఒక బంటు పోతుంది, బదులుగా మీ పావులు త్వరగా బయటికొస్తాయి. ఆ బంటు వదులుకోలేకే మీ చెయ్యి డి5కి పోతోందేమో.

ఎండ్‌గేమ్‌పిచ్చి:
గెలిచిన ఆటలు కూడా చూడండి. అవతలివాడు గమనించక వదిలేసిన మన తప్పులు వాటిలోనే దాక్కుంటాయి. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన బోత్విన్నిక్ సొంత ఆటల విశ్లేషణ అచ్చు వేయించాలనేవాడు, పదిమంది చూసి తప్పులు పట్టాలని. మీరూ ఇక్కడ పెట్టండి, మేం చూస్తాం.

నల్లబంటు:
రాత్రి ఇంజిన్ లేకుండా కూర్చున్నాను. గళ్లనోటు గారూ, మీరన్నదే. ఐదో ఎత్తు పక్కన నేను రాసుకున్నది "నా బంటు నాకు తిరిగి రావాలి" అని. మిగతా రెండు ఆటల్లోనూ అదే మాట. ఇంకో ఆట తీస్తే, ఓపెనింగ్ వేరు, అక్కడా బంటు కోసమే కాస్లింగ్ (రాజును ఓ పక్కకి భద్రంగా చేర్చడం) రెండు ఎత్తులు వాయిదా వేశాను. ఎ5లో అంచున నిలబడ్డ గుర్రాన్ని చూస్తే ఇంకా భయంగానే ఉంది. రేపు ఆ స్థితి నుంచి రెండువైపులా నేనే ఆడి, రాసుకున్నది ఇక్కడ పెడతాను.