గాలికి కుండీ పడిపోయింది: ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. రాత్రి గాలివానకి మా బాల్కనీ గోడ మీది తులసి కుండీ పక్కింటి వాళ్ల వైపు ఒరిగిపడి పగిలింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో అన్ని భాషల వాళ్లూ ఉన్నారు, ఇంగ్లీషులోనే రాయాలి. "ద విండ్ ఫెల్ ద పాట్" అని టైప్ చేశాను గానీ పంపాలంటే టెన్షన్‌గా ఉంది. కరెక్టేనా అండీ?

జవాబు: అలా పంపకండి. ఫెల్ అంటే "పడింది", "పడేసింది" కాదు. "ద విండ్ బ్లూ ద పాట్ ఓవర్" అని రాయండి. ఈ బ్లూ నీలం రంగు కాదండోయ్, బ్లోకి భూతకాలం. స్పెల్లింగ్ చూసుకోండి.

మనకి పడటం, పడేయడం వేరువేరు. బ్లో ఓవర్ ఆ రెంటికీ పనికొస్తుంది. "ద పాట్ బ్లూ ఓవర్" అన్నా చాలు, అచ్చం మన "గాలికి కుండీ పడిపోయింది". గాలి ఊసు విడిగా ఎత్తక్కర్లేదు, అది బ్లోలోనే ఉంది. మీరు కావాలని పడేయలేదని కూడా తెలిసిపోతుంది.

కుండీకి బదులు "ఇట్" వాడితే మాత్రం దాన్ని మధ్యలోనే పెట్టాలి: "బ్లూ ఇట్ ఓవర్". "బ్లూ ఓవర్ ఇట్" అన్నారంటే గాలి దాని మీదుగా వీచిందని అర్థం.

ప్రశ్న: చెట్లకీ ఇదేనా?

జవాబు: అనొచ్చు, కానీ కూలిన చెట్టుకి బ్లో డౌన్ ఇంకా బాగా నప్పుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు మా వీధి మొదట్లో కానుగ చెట్టు పడింది. ఫుట్‌పాత్ పలకలు ఇంకా వేళ్లని పట్టుకునే ఉన్నాయి. అలాంటి చోట "ద ట్రీ వాజ్ బ్లోన్ డౌన్". రేకు ఊడిపోతే బ్లో ఆఫ్, ఆరేసిన బట్టలు ఎగిరిపోతే బ్లో అవే.

ఇంకో మాట. "ద స్టార్మ్ బ్లూ ఓవర్" అంటే తుపాను దేన్నో పడగొట్టిందని కాదు, వెలిసిందని. గొడవ సద్దుమణిగినా ఇదే మాట.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ, మీరు చెప్పినట్టే పంపేశాను. పక్కింటావిడ మొక్కని మట్టితో సహా పాత బకెట్లో పెట్టి తెచ్చిచ్చారు. రెండు కొమ్మలు విరిగాయి, వేరు బాగానే ఉంది.